నష్టం ఒకటి, హక్కు ఒకటి

కొత్త షాపింగ్ మాల్‌కి పునాది పడుతోందని తెలియగానే ఊళ్లో రెండు రకాల కోపాలు పుడతాయి. రాజమండ్రి మెయిన్ రోడ్డులోనో, తాడితోట బట్టల మార్కెట్లోనో, భీమవరం, అమలాపురం బజారుల్లోనో తండ్రి నాటి నుంచి కొట్టు నడుపుకుంటున్న వ్యాపారిది మొదటి కోపం: నా బేరం పోతుంది. ఆ స్థలం పక్కన కాపురముంటున్న మనిషిది రెండో కోపం: నా వీధి మూసుకుపోతుంది, నా గోడ బీటలు వారుతుంది, వానొస్తే నీళ్లు నా గుమ్మంలోకి వస్తాయి. రెండూ నిజమైన కోపాలే. రెండు వర్గాలూ ఒకే టెంటు కింద కూర్చుంటాయి, ఒకే వినతిపత్రం మీద సంతకాలు పెడతాయి. కోర్టు దాకా వెళ్లేసరికి మాత్రం మొదటి కోపానికి తలుపు మూసి ఉంటుంది, రెండోదానికి తెరిచి ఉంటుంది. ఈ తేడా తెలియక రెండింటినీ ఒకే అర్జీలో కలిపేయడం వల్ల, గెలవాల్సిన వాళ్లు కూడా ఓడిపోతున్నారు. మీకు కలిగే నష్టం ఏది, భంగపడుతున్న మీ హక్కు ఏది అన్నది విడదీసి చూడగలగడమే ఈ అధ్యాయంలో నేర్చుకోవాల్సిన విద్య. వకీలును పెట్టుకోవడానికి ముందే ఇది మీకు రావాలి. ఎందుకంటే వకీలుకి మీరు ఏం చెబుతారో దాన్ని బట్టే ఆయన కేసు తయారుచేస్తాడు.

గోదావరి జిల్లాల వాళ్లకి రైస్ మిల్లుల మధ్య పోటీ ఎలా ఉంటుందో విడమరిచి చెప్పనక్కరలేదు. అలాంటి పోటీయే 1970లో సుప్రీంకోర్టు ముందుకి వచ్చింది. నాటి మైసూరు రాష్ట్రంలో ఒక మిల్లును ఒకచోటి నుంచి మరోచోటికి మార్చుకోవడానికి అనుమతి ఇస్తే, అక్కడి మరో మిల్లువారు అభ్యంతరం చెప్పారు. నగర్ రైస్ అండ్ ఫ్లోర్ మిల్స్ కేసుగా అది నిలిచిపోయింది. పోటీదారు వచ్చాడన్న కారణం మీద అతన్ని ఆపే హక్కు ఎవరికీ లేదని కోర్టు తేల్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకి గుజరాత్ నుంచి ఒక సినిమా హాలు యజమాని, తన ఊళ్లో మరో హాలుకి ఇచ్చిన నిరభ్యంతర పత్రాన్ని సవాలు చేస్తూ వెళ్లాడు. వసూళ్లు తగ్గడం వేరు, చట్టం ఇచ్చిన హక్కు దెబ్బతినడం వేరంటూ జస్‌భాయ్ మోతీభాయ్ దేశాయ్ కేసులో అదే కోర్టు అతన్నీ వెనక్కి పంపింది. ఇది వినడానికి కఠినంగా ఉంటుంది. కానీ ఒక్కసారి నిదానంగా ఆలోచించండి. నచ్చిన వ్యాపారం చేసుకునే స్వేచ్ఛను రాజ్యాంగంలోని 19వ అధికరణం పౌరులందరికీ ఇచ్చింది. ఇవాళ పాత కొట్టుగా పేరున్నది కూడా ఒకనాడు ఆ స్వేచ్ఛతోనే తలుపు తెరుచుకుంది. బేరం తగ్గుతుందన్న కారణానికి కోర్టులు తలొగ్గితే, ఊళ్లో మొదటి దుకాణం పెట్టినవాడే చివరి దుకాణదారు కూడా అవుతాడు.

ఇక తెరిచి ఉన్న తలుపు సంగతి. కర్ణాటకలోని ఉడిపిలో నివాస ప్రాంతంగా నిర్ణయించిన చోట కల్యాణ మండపం కడతామని అనుమతి తీసుకుని, తర్వాత దాన్ని సినిమా హాలుగా మార్చుకునేందుకు పురపాలక సంఘం నుంచి మంజూరు తెచ్చుకున్నారు. అక్కడ నివసించే వ్యక్తి కోర్టుకెళ్లాడు. మంజూరు చట్టవిరుద్ధమేనని హైకోర్టు ఒప్పుకుంది. కానీ కట్టడం మీద అప్పటికే లక్షల్లో ఖర్చయిందని చెప్పి జోక్యం చేసుకోలేదు. 1974లో రామదాస్ షెణై కేసుగా సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగరాసింది. పట్టణ ప్రణాళిక అనేది అక్కడ ఉండేవాళ్ల మేలు కోసం చేసుకున్న ఏర్పాటు, దాన్ని ఉల్లంఘిస్తే వాళ్ల ఇళ్లను వాళ్లు అనుభవించే హక్కు దెబ్బతింటుంది, చట్టం ఇవ్వని అధికారాన్ని పురపాలక సంఘం వాడితే ఎవరెంత ఖర్చు పెట్టినా అది సక్రమం కాదు అన్నది ఆ తీర్పు సారాంశం. మన తెలుగు నేల మీదా దీనికి గట్టి తోడు ఉంది. హైదరాబాద్ అభివృద్ధి ప్రణాళికలో వినోద, విహార ప్రాంతంగా వదిలిన భూమిలో జీవిత బీమా సంస్థ, ఆదాయపు పన్ను శాఖ ఉద్యోగుల కోసం ఇళ్లు కట్టబోతే, 1987లో టి.దామోదర్ రావు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ.చౌదరి అడ్డుకున్నారు. ఊరికి ఊపిరి పీల్చుకునే చోటు ఉండడం రాజ్యాంగంలోని 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని ఆయన రాసిన తీర్పు దేశమంతటా ఉదహరించే తీర్పుల్లో చేరింది. ఈ రెండు కేసుల్లోనూ అడిగినవాళ్లు తమ రాబడి గురించి అడగలేదు. ఊరికి ఒక కొలత ఉంది, ఆ కొలత తప్పారు అని మాత్రమే అడిగారు.

ఆ కొలతలు గోదావరి డెల్టాలో మరీ విలువైనవి. ఇది పల్లపు నేల. పంట కాలువలూ మురుగు కాలువలూ అల్లుకున్న నేల. రాజమండ్రిలో గట్టి వాన పడితే కంబాలచెరువు చుట్టుపక్కల రోడ్లు మునగడం కొత్త కాదు. నగరంలోని మురుగంతా ఆవ, నల్లా చానళ్ల మీద ఆధారపడుతుంది. భీమవరం నడిమధ్య నుంచి యనమదుర్రు డ్రెయిన్ పోతుంది. ఇలాంటి చోట పెద్ద స్థలాన్ని మెరక చేసి, అంచు నుంచి అంచు దాకా కాంక్రీటు పరిస్తే, ఆ స్థలం నిన్నటి దాకా తాగిన నీళ్లు ఇవాళ పక్కింటి దారి పట్టక తప్పదు. సెల్లార్ కోసం లోతుగా తవ్వితే భూగర్భ జలం పైపైనే తగులుతుంది. మోటార్లు పెట్టి రాత్రింబవళ్లు తోడితే చుట్టుపక్కల నేల కుంగి పాత ఇళ్ల గోడలు పగులుతాయి. మన పట్టణాల్లో బజారు వీధులన్నీ గుర్రబ్బండ్ల కాలం వెడల్పువే. అందుకే స్థలానికి నాలుగు వైపులా వదలాల్సిన సెట్‌బ్యాక్, రోడ్డు వెడల్పును బట్టి ఎత్తు, విస్తీర్ణాన్ని బట్టి పార్కింగ్, కాలువ వెడల్పును బట్టి దానికి వదలాల్సిన దూరం అన్నవి కేవలం ఆఫీసు లాంఛనాలు కావు. రాష్ట్రంలో వీటన్నిటికీ ఆధారం 2017 మార్చి 28న జీవో 119తో వచ్చిన భవన నిర్మాణ నిబంధనలు. ఎత్తు 18 మీటర్లకు చేరితే హైరైజ్ భవనంగా లెక్కగట్టి మరిన్ని షరతులు పెడతారు. కట్టే విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లకు చేరితే 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కింద ముందస్తు పర్యావరణ అనుమతి కూడా కావాలి. అది లేకుండా మొదలుపెట్టినా, తప్పుడు వివరాలతో తెచ్చుకున్నా జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచ్‌కి వెళ్లవచ్చు. అనుమతి మీద అప్పీలుకి గడువు 30 రోజులు, సరైన కారణం చూపితే మరో 60 రోజులు. అది దాటితే ఎంత న్యాయమైన అభ్యంతరమైనా వినరు.

కాబట్టి మీ కోపాన్ని కొలతలుగా మార్చుకోవడం మొదటి పని. "ఈ మాల్ వస్తే మా బతుకులు బజారున పడతాయి" అని రాసిన అర్జీని టౌన్ ప్లానింగ్ అధికారి ఎంత జాలితో చదివినా, దాని మీద ఆయన రాయగలిగిన ఉత్తర్వు ఏదీ లేదు. "మాస్టర్ ప్లాన్‌లో ఫలానా సర్వే నంబరు నివాస జోన్‌లో ఉంది, ప్లానులో చూపిన రోడ్డు వెడల్పుకీ నేల మీద ఉన్న వెడల్పుకీ తేడా ఉంది, కొలిచి రిపోర్టు ఇవ్వండి" అని రాస్తే, దానికి జవాబు చెప్పి తీరాలి. ఎందుకంటే ఆ మాట తప్పో ఒప్పో టేపు పట్టి తేల్చవచ్చు. సమాచారం ఎలా వస్తుందన్న బెంగ వద్దు. భవన అనుమతులు ఇప్పుడు ఏపీ డీపీఎంఎస్ ఆన్‌లైన్ విధానంలో నడుస్తున్నాయి. వార్డు సచివాలయంలోని ప్లానింగ్ కార్యదర్శిని కలిస్తే దరఖాస్తు ఎవరి పేర ఉంది, ఏ దశలో ఉంది అన్నది తెలుస్తుంది. మునిసిపల్ హద్దు దాటితే ఆ ఊరు ఏ పట్టణాభివృద్ధి సంస్థ కిందికి వస్తుందో చూసుకోవాలి. ప్లాను నకలు, సైట్ ఇన్‌స్పెక్షన్ రిపోర్టు, అగ్నిమాపక శాఖ, జలవనరుల శాఖ ఇచ్చిన ఎన్‌వోసీలు కావాలని 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగవచ్చు. 30 రోజుల్లో ఇవ్వకపోతే మొదటి అప్పీలు, ఆ పైన సమాచార కమిషన్. అయితే నెల రోజుల్లో ఒక అంతస్తు లేస్తుంది. అందుకే సమాచారం కోసం ఎదురుచూస్తూ అభ్యంతరాన్ని ఆపకండి. కళ్లకి కనిపించే ఉల్లంఘనని తేదీ వేసిన ఫొటోలతో కమిషనర్‌కి రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే అర్జీ ఇంకో ప్రతి ఇవ్వండి. రేపు హైకోర్టులో మొట్టమొదట అడిగేది, అధికారికి చెప్పారా, ఎప్పుడు చెప్పారు అనే. అర్జీ అందిన తర్వాత కార్పొరేషన్ అయితే కార్పొరేషన్ల చట్టంలోని సెక్షన్ 452 కింద, మునిసిపాలిటీ అయితే మునిసిపాలిటీల చట్టంలోని సెక్షన్ 228 కింద నోటీసు ఇచ్చి పని ఆపించే అధికారం వాళ్లకి ఉంది. ఆ అధికారాన్ని వాడలేదన్నదే మీ రిట్ పిటిషన్‌కి వెన్నెముక.

ఆలస్యం గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే న్యాయమున్న కేసులు ఎక్కువగా పోయేది ఇక్కడే. బెంగళూరు కోరమంగళలో ఒక భవనానికిచ్చిన అనుమతి మీద నివాసుల సంఘం వేసిన కేసులో, 2005లో సుప్రీంకోర్టు వాళ్లకి వ్యతిరేకంగా చెప్పడానికి ఆలస్యం ఒక ముఖ్య కారణం. కళ్లెదుట గోడలు లేస్తుంటే ఊరుకుని, అవతలివాడు డబ్బంతా పోశాక వచ్చారని కోర్టు తప్పుపట్టింది. మరి చాలావరకు కట్టేశాక కూడా కూల్చమన్న లక్నో కేసు సంగతి ఏమిటని ఎవరైనా అడగవచ్చు. అది సరైన ప్రశ్నే. అక్కడ అమీనాబాద్‌లోని ఝండేవాలా పార్కు కింద భూగర్భ షాపింగ్ కాంప్లెక్స్ కట్టడానికి నగర మహాపాలిక టెండరు పిలవకుండా ఒక బిల్డర్‌కి ఒప్పందం ఇచ్చింది. పని చాలావరకు అయిపోయింది. అయినా 1999 జులైలో ఎం.ఐ.బిల్డర్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కూల్చి పార్కును మళ్లీ పార్కుగా చేయమంది. అయితే అక్కడ పోయింది ఊరందరి పార్కు. ఇచ్చిన పద్ధతి మొదటి నుంచీ చెల్లనిది. అభ్యంతరాలూ ముందు నుంచే ఉన్నాయి. సొంత స్థలంలో కడుతున్న మాల్ సెట్‌బ్యాక్ తక్కువ వదిలిందన్న కేసుని దాని సరసన పెట్టలేం. ప్రజల ఆస్తి పోతుంటే కోర్టు ఆలస్యాన్ని కొంత సహిస్తుంది, కొలతల్లో తేడాకి సహించదు. మీది ఏ రకం కేసో మొదటి వారంలోనే నిజాయితీగా తేల్చుకోండి. ఇంకో మాట. మన దగ్గర "స్టే తెచ్చాం" అంటే గెలిచినట్టే ప్రచారం చేసుకుంటారు. స్టే అంటే తీర్పు కాదు, తీర్పు దాకా ఆగమనడం. దాన్ని చూసి ఊరుకుంటే కౌంటర్ దాఖలైన రోజునే అది ఎత్తేయవచ్చు.

"ఇంత కష్టపడి ఏం లాభం, చివర్న రెగ్యులరైజ్ చేసేస్తారు కదా" అన్న నిస్పృహ అన్ని ఊళ్లలోనూ ఉంది. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అనధికార కట్టడాల్ని జరిమానాతో క్రమబద్ధం చేసే బీపీఎస్ పథకం 2007 చివర్లో మొదలై తర్వాత మళ్లీ మళ్లీ వచ్చింది. ప్రతిసారీ నియమం పాటించినవాడు వెర్రివాడన్న సందేశం జనంలోకి పోయింది. ఇది చాలా పెద్ద తప్పని నా నమ్మకం. అయినా ఆ పథకాల్ని శ్రద్ధగా చదివితే మీకు పనికొచ్చే సంగతి దొరుకుతుంది. ప్రభుత్వ భూమి ఆక్రమణ, చెరువులు కాలువల స్థలం, లేఅవుట్‌లో వదిలిన ఖాళీ జాగా, మాస్టర్ ప్లాన్ జోనింగ్‌కి విరుద్ధమైన వాడకం, మంజూరైన ప్లానులో పార్కింగ్‌కి చూపిన చోటు లాంటివాటిని పథకం పరిధి నుంచి తప్పించారు. అంటే సెట్‌బ్యాక్‌లో ఒక అడుగు తేడా మీద మీ శక్తినంతా ధారపోయడం కంటే, సెల్లార్‌లో పార్కింగ్ బదులు గోడౌన్ పెట్టడం మీద, డ్రెయిన్ గట్టు కలుపుకోవడం మీద నిలబడడం మేలు. కట్టుకున్న ఇంట్లో తెలియక చిన్న తేడా వచ్చినవాడినీ, లాభం కోసం లెక్కేసుకుని అదనపు అంతస్తు లేపే బిల్డర్‌నీ ఒకేలా చూడకూడదని 2004లో కటక్ ఫ్రెండ్స్ కాలనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ అర్జీలో ఈ తేడా కనిపించాలి.

రెండో అభ్యంతరం అభివృద్ధి పేరుతో వస్తుంది. మాల్ వస్తే కుర్రాళ్లకి ఉద్యోగాలొస్తాయి, ఊరు పెరుగుతుంది, కేసులేసేవాళ్లు ఊరికి అడ్డం అంటారు. ఉద్యోగాల మాట నిజమే. కానీ పైన చెప్పిన కొలతల్లో ఏ ఒక్కటీ మాల్ వద్దని చెప్పదు. పార్కింగ్ చూపించు, నీళ్లు పోయే దారి వదులు, మంటలొస్తే ఫైరింజన్ తిరగడానికి చోటుంచు అని మాత్రమే అంటాయి. ఇవి మొదట్లోనే తేలితే ప్లాను సవరణతో పోతుంది, నాలుగు అంతస్తులు లేచాక తేలితే కట్టినవాడూ అందులో కొన్నవాడూ మునుగుతారు. ఇక ప్రభుత్వమే భూమి ఇచ్చే మాల్స్ విషయంలో మరో మెలిక ఉంది. విజయవాడ గవర్నర్‌పేటలో పాత బస్టాండు ఉన్న ఆర్టీసీ స్థలాన్ని లులు గ్రూప్ మాల్‌కి కేటాయించాలని 2025లో ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం మీద హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. అక్కడి వివాదం ప్లాను గురించి కాదు, ఊరి భూమిని ఏ పద్ధతిలో, ఏ ధరకి ఇస్తున్నారన్నది. ఈ రెండూ వేర్వేరు దశలు. కేటాయింపు మీద ప్రశ్న ఉంటే కేటాయింపు ఉత్తర్వు వచ్చినప్పుడే అడగాలి. బిల్డింగ్ ప్లాను వచ్చేదాకా ఆగి అన్నీ కలిపి అడిగితే మొదటి ప్రశ్నకి కాలం చెల్లిపోతుంది.

మరి మొదటి కోపం సంగతేమిటి? బేరం పోతుందని భయపడే వ్యాపారిని చట్టం పూర్తిగా వదిలేసిందా? వ్యాపారిగా అతనికి దారి లేకపోయినా, అదే వీధిలో ఉండేవాడిగా, ఆ రోడ్డు మీద నడిచేవాడిగా అతనికి అందరిలాంటి హక్కే ఉంది. అర్జీలో ఆ హక్కు గురించే రాయాలి, బేరం ఊసు ఎత్తకూడదు. తోపుడు బండ్ల వాళ్లకీ, పేవ్‌మెంట్ మీద అమ్ముకునేవాళ్లకీ 2014 వీధి విక్రేతల చట్టం విడిగా రక్షణ ఇచ్చింది. మాల్ ముందు శుభ్రంగా ఉండాలని వాళ్లని లేపేయాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి, టౌన్ వెండింగ్ కమిటీ సిఫారసుతోనే జరగాలి. కొట్లున్నవాళ్ల పోరాటంలో ఈ బండ్లవాళ్లని కలుపుకోవడం మన ఊళ్లలో అరుదు. కలుపుకుంటే ఇద్దరికీ బలం. అయితే అర్జీ మీద సంతకం పెట్టే ముందు ప్రతి వ్యాపారీ తన కొట్టు కొలతలు చూసుకోవాలి. మురుగు కాలువ మీద వేసిన మెట్లు, రోడ్డు మీదికి జరిపిన రేకు, అనుమతి లేని పై అంతస్తు ఉంటే అవతలి వకీలు మొదట చూపించేది అదే. ముందు మీ మెట్లు తీసేసుకోండి. అదే మీ అర్జీకి బలం. బిల్డర్ దగ్గర డబ్బు గుంజడానికి కేసు వేసే మనుషులు కూడా ఉన్నారు. వాళ్ల వల్ల నిజమైన అర్జీదారు మీద కూడా అనుమానం పడుతోంది. ప్రజాప్రయోజనం పేరుతో వేసే అలాంటి వ్యాజ్యాల్ని కోర్టులు ఖర్చులు విధించి కొట్టేస్తున్నాయి, అది సబబే.

ఆ కాంప్లెక్సులోనే ఒక షాపు కొనాలని దాచుకున్న డబ్బు తీసినవాళ్లూ ఈ అధ్యాయం చదువుతుండవచ్చు. వాళ్లకి మీరట్ శాస్త్రినగర్ కథ తెలియాలి. ఇంటి స్థలంలో దుకాణాలు కట్టి, ఏళ్ల తరబడి వ్యాపారం నడిపాక, 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఆ కట్టడాన్ని తొలగించాల్సిందేనంది. అధికారులు అంతకాలం నిద్రపోయారన్నది గానీ, కొన్నవాళ్లు డబ్బు పెట్టారన్నది గానీ కట్టడాన్ని సక్రమం చేయలేవని చెప్పింది. ఆమోదించిన ప్లానుని నిర్మాణ స్థలంలో అందరికీ కనిపించేలా పెట్టాలని, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీటి కనెక్షన్లూ బ్యాంకు రుణాలూ ఇవ్వాలని, అనధికార భవనంలో వ్యాపారానికి లైసెన్సు ఇవ్వకూడదని దేశమంతటికీ వర్తించేలా ఆదేశించింది. కాబట్టి అడ్వాన్సు ఇచ్చే ముందు మంజూరైన ప్లానులో మీ షాపు నంబరు ఉందో, లేక అక్కడ లిఫ్టో జెనరేటరో చూపించారో చూడండి. మన రాష్ట్రంలో పెద్ద భవనాలకి కట్టిన విస్తీర్ణంలో పది శాతాన్ని మంజూరు చేసిన సంస్థకి మార్ట్‌గేజ్ చేయించుకుంటారు. మీకు అమ్మజూపుతున్నది ఆ పది శాతంలోది కాదని ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి రూఢి చేసుకోండి.

చివరికి చాలా వివాదాలు తీర్పు దాకా పోవు. బిల్డర్ తరఫున ఊళ్లో పెద్దమనిషి ఒకరు వస్తారు, "ఒకే ఊళ్లో ఉండేవాళ్లం, కూర్చుని మాట్లాడుకుందాం" అంటారు. వెళ్లండి. మాట్లాడుకోవడంలో తప్పేమీ లేదు. కానీ డబ్బు మాట రాగానే లేచి వచ్చేయండి. మీ కంప్లయింటులో ఉన్నది కొలతలు గనక, రాజీలోనూ కొలతలే ఉండాలి: డ్రెయిన్ వైపు ఎన్ని అడుగులు వదులుతున్నారు, సెల్లార్ తవ్వే ముందు పక్క ఇళ్ల గోడలకి ఏ రక్షణ కడుతున్నారు, సరుకు లారీలు ఏ గేటు నుంచి, ఏ వేళల్లో వస్తాయి. ఒప్పుకున్నవి సవరించిన ప్లానుగా టౌన్ ప్లానింగ్ విభాగంలో దాఖలై, కమిషనర్ సంతకంతో మంజూరై, ఆ నకలు మీ చేతికి అందేదాకా కేసు వెనక్కి తీసుకుంటామని మాటివ్వకండి. అందిన తర్వాత కూడా ఊరికే ఉపసంహరించుకోకుండా, ఆ షరతుల్ని కోర్టు రికార్డులో నమోదు చేయించి అప్పుడు ముగించమని మీ వకీలుకి చెప్పండి. రేపు ఆ భవనం చేతులు మారినా కొత్త యజమానిని నిలదీయడానికి మీ దగ్గర ఉండేది ఆ కాగితమే.